మూసిన గదిలో మల్లెవాసన

“మా ఇంట్లో నాకు ఎవరో విషం పెడతాండారంట అక్కా. మా ఆయన నమ్మినాడు. నేను నమ్మలేదు.”

ఆక్సిజన్ మాస్కును గడ్డం కిందికి జరుపుకొని సుప్రజ చెప్పిన మొదటి మాటలివి. కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి, రెండో అంతస్తు. శనివారం ఉదయం పదకొండూ పది.

కృపమణి కుర్చీని మంచం దగ్గరికి లాక్కొని చిన్న నోటుపుస్తకం తెరిచింది. ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. పద్దెనిమిదేళ్లు ఒక బీమా కంపెనీ తరఫున అగ్నిప్రమాదాల మీద విచారణ చేసింది. కాలిపోయిన గోడౌన్లూ మిల్లులూ తిరిగి తిరిగి, మూడేళ్ల కిందట ఆ ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుంది.

“ఎవరు పెడతాండారంటాడు మీ ఆయన?”

“స్తుతి. నాకు కాలు విరిగినప్పటి నుంచి నన్ను చూసుకుంటాండే పిల్ల. కోసిగి పక్కన పల్లె వాళ్లది. స్నానం చేయించేది, నడిపించేది అంతా ఆ పిల్లే. సాయంత్రం ఐదు గంటలకు ఆ పిల్ల మీద కేసు పెడతారంట. అందుకే మీకు ఫోన్ చేసినా.”

సుప్రజకు ముప్పై మూడేళ్లు. బ్యాంకు ఉద్యోగి. జులైలో స్కూటర్ జారి ఎడమకాలు విరిగింది. అప్పటి నుంచి సెలవు పెట్టి, కల్లూరులో కొత్తగా కట్టుకున్న ఇంట్లో మంచం మీదే ఉంది. భర్త చైతన్యకు ఇంటి అలంకరణ సామాన్ల షాపు ఉంది. పొద్దున తొమ్మిదికి పోతే మళ్లీ చీకటి పడ్డాకే వస్తాడు.

“ఎన్నిసార్లు పడిపోయినావు?”

“మూడుసార్లు. ఈ నెల తొమ్మిది, పదిహేడు, ఇరవై నాలుగు. మూడుసార్లూ మధ్యాహ్నమే. రెండింటికి స్తుతి రాగిజావ ఇస్తాది. తాగి పడుకుంటా. అరగంటకో ముక్కాలు గంటకో గొంతు పట్టేస్తాది. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు. నోరు తెరిచినా గాలి లోపలికి పోదు. కండ్లు తెరిచేసరికి ఈడ ఉంటా.”

“ఈడికి వచ్చినాక?”

“రెండు దినాలకే తేరుకుంటా. ఇంటికి పోతే మళ్లీ అదే కత. రక్తంలో విషం జాడ లేదంటాడు డాక్టరు. చిన్నప్పుడు నాకు రోంత ఆయాసం ఉండేది. ఇంటర్ దాటినాక అది మళ్లీ రాలేదు.”

కృపమణి రాసుకుంది: ఆసుపత్రిలో తేరుకుంటుంది, ఇంట్లో పడిపోతుంది. తేడా తిండిలో ఉందా, ఇంట్లో ఉందా?

“ఇయ్యాల డిశ్చార్జ్ అన్నావే. ఇంటికేనా?”

“కాదంట. ఆ పిల్ల ఇంట్లో ఉన్నంతవరకు నన్ను ఆ గడప తొక్కనీయనంటాండాడు మా ఆయన. యాడికి తీసుకపోతాడో ఇంకా చెప్పలేదు.” సుప్రజ చెయ్యి చాచి కృపమణి మణికట్టు పట్టుకుంది. “ఆ పిల్ల నర్సింగ్ చదవాలని శానా ఆశ పెట్టుకోనుండాది అక్కా. పోలీసు కేసు పడితే అంతా పోతాది.”

* * *

కల్లూరు ఇంటికి కృపమణి చేరేసరికి పన్నెండూ ఇరవై. హాల్లో సోఫా మీద కాలు మీద కాలు వేసుకొని క్రాంతి కుమార్ కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు ఆత్మకూరు వైపు కానిస్టేబులుగా చేసి, ఉద్యోగం మానుకుని అతనూ డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టాడు. ఇద్దరి బోర్డులూ ఒకే రోడ్డులో ఉన్నాయి. పోయిన ఏడాది కృపమణి చేతిలోని రెండు కేసులు అతను ఎగరేసుకుపోయాడు. ఈ కేసులో అతన్ని పెట్టుకున్నది చైతన్య.

“రాండి మేడమ్, రాండి. కేసు అయిపోయినాక వచ్చినారు” అన్నాడు లేవకుండానే.

“అయిపోయింటే ఇంకా ఈడ ఏం చేస్తాండావప్పా?”

“కాపలా. పిట్ట ఎగిరిపోకుండా.” చొక్కా జేబు తట్టాడు. “చైతన్య సార్ సంతకం పెట్టిన ఫిర్యాదు ఈడ ఉండాది. ఐదింటికి స్టేషన్‌లో ఇచ్చేస్తా.”

“సాక్ష్యం?”

అతను టీపాయ్ మీద ఒక ప్లాస్టిక్ కవరు పెట్టాడు. అందులో ఒక మాత్రల షీటు. “స్తుతి బ్యాగులో దొరికినాది. బీపీ మాత్రలు. ఆయాసం ఉన్నోళ్లు వీటిని మింగకూడదు, ఊపిరి ఆడదు. డాక్టర్‌ను అడిగే చెప్తాండా. షీటుకు పది ఉండాల. ఇందులో ఏడే ఉండాయి. మూడు లేవు. సుప్రజ మేడమ్ పడిపోయింది ఎన్నిసార్లు?”

“మూడుసార్లు.”

“లెక్క సరిపోయిందా లేదా?”

కృపమణి షీటును కవరుతో సహా కిటికీ వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసింది. తర్వాత వంటింట్లోకి నడిచింది. క్రాంతి కుమార్ వెనకాలే వచ్చాడు.

స్తుతి స్టవ్ గట్టుకు ఆనుకొని నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ల పిల్ల. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి. ఆమె ఫోన్ కూడా క్రాంతి కుమార్ దగ్గరే ఉంది.

“ఈ మాత్రలు ఎవరివమ్మా?”

“మా అమ్మవి మేడమ్. అమ్మానాయన పత్తి తీసేదానికి గుంటూరు పక్కకు పోతాండారు. పోయేముందు మా అమ్మకు మాత్రలు పంపాలని కొన్నా. అంతలో ఈ సార్ నా సంచి తీసుకున్నాడు.”

“ఎప్పుడు కొన్నావు?”

“మొన్న గురువారం. మేడమ్ ఆసుపత్రిలో ఉండారు కదా, అప్పుడు. చీటీ కూడా సంచిలోనే ఉండాది.”

కృపమణి వెనక్కి తిరిగింది. “చీటీ ఏదప్పా?”

క్రాంతి కుమార్ హాలు వైపు చెయ్యి ఊపాడు. “సంచిలో శానా కాగితాలుండాయి. అన్నీ చూస్తామా?”

సంచి హాల్లోనే ఉంది. బైబిలు పేజీల మధ్య మడిచిపెట్టిన మందుల షాపు చీటీ దొరకడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కృపమణి దాన్ని పైకి చదివింది. “ఇరవై ఐదో తేదీ, సాయంత్రం ఆరూ పది. మాత్రలు ఏడు.” చీటీని క్రాంతి కుమార్ చేతిలో పెట్టింది. “సుప్రజ మూడోసారి పడిపోయింది ఇరవై నాలుగున. ఈ మాత్రలు కొనింది మరుసటి దినం. ఇప్పుడు షీటు చూడు. మాత్ర మింగాలంటే వెనకాల రేకు చించల్ల. ఖాళీ గూళ్లు మిగలాల. దీంట్లో ఖాళీ గూడు ఒకటైనా ఉండాదా? అంచు నున్నగా ఉండాది. షాపులో వారానికి సరిపడా కత్తెరతో కోసి ఇచ్చినారు.”

క్రాంతి కుమార్ షీటును అటూ ఇటూ తిప్పాడు. “ఇది కాకుంటే ఇంకోటి కలిపింటాది. జావ ఇచ్చింది మాత్రం ఆ పిల్లే. జావ తాగినాకే పడిపోయినారు. దానికేమంటారు?”

“అదే అడుగుదాం.” కృపమణి స్తుతిని కూర్చోమని స్టూలు జరిపింది. “జావ ఎన్ని దినాల నుంచి ఇస్తాండావు?”

“ఆగస్టు నుంచి దినామూ ఇస్తాండా మేడమ్. అదే పిండి, అదే గిన్నె. మిగిలింది నేనే తాగుతా.”

“అన్ని దినాలు తాగితే మూడు దినాలే పడిపోయినాది. ఆ మూడు దినాలకూ తతిమ్మా దినాలకూ ఏం తేడా? తొందరలేదు. బాగా గుర్తు చేసుకొని చెప్పు.”

స్తుతి కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది. “ఆ మూడు దినాలు మేడమ్ బాగా నిద్రపోయినారు అనుకున్నా. రూములో సల్లగా ఉన్నింది, లేపలేదు. తతిమ్మా దినాలు యాడ నిద్ర మేడమ్? మధ్యాహ్నం కరెంటే ఉండదు. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ మారుస్తాండారు కదా. ఉక్క తట్టుకోలేక కిటికీలు, తలుపులు అన్నీ తెరిచేస్తా.”

కృపమణి పెన్ను ఆగింది. “ఆ మూడు దినాలు కరెంటు పోలేదా?”

“తెలీదు మేడమ్. నీళ్ల ట్యాంకరు కోసం నన్నూ కాలనీ గ్రూపులో చేర్చినారు. కరెంటు పోయేదీ దాంట్లోనే చెప్తారు.”

కృపమణి అరచెయ్యి చాచింది. క్రాంతి కుమార్ స్తుతి ఫోన్ అందులో పెట్టాడు.

సెప్టెంబరు నెల మెసేజీలు వరసగా చూస్తూ కృపమణి నోటుపుస్తకంలో తేదీలు గుర్తు పెట్టింది. ఒకటో తేదీ నుంచి దాదాపు ప్రతిరోజూ ‘మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి నాలుగు వరకు కరెంటు ఉండదు’ అన్న మెసేజ్ ఉంది. సుప్రజ ఇంట్లో ఉన్న పనిదినాల్లో ఆ మెసేజ్ రానివి మూడే మూడు. తొమ్మిది. పదిహేడు. ఇరవై నాలుగు.

“ఆదివారాలు?” అంది తలెత్తకుండానే.

“సార్ ఇంట్లోనే ఉంటారు. మేడమ్‌ను హాల్లో పడుకోబెడతాం.”

“రాత్రిళ్లు?”

“సార్‌కు ఏసీ పడదు. కిటికీలు తెరిచే పడుకుంటారు.”

“క్రాంతీ, విషానికి కరెంటుతో ఏం పని? జావ దినామూ తాగినాది. కరెంటు ఉండి, గది మూసిన దినాలే పడిపోయినాది” అంటూ కృపమణి లేచింది. “ఆ గది చూపించమ్మా.”

* * *

పడకగది తలుపు తెరవగానే క్రాంతి కుమార్ గట్టిగా ఊపిరి పీల్చాడు. “అబ్బ! ఏం వాసన మేడమ్. మల్లెతోటలో నిలబడినట్టుండాది.”

“నాకు తెలీదు. కరోనా వచ్చిపోయినప్పటి నుంచి నాకు వాసన పట్టదు.” కృపమణి నాలుగడుగులు లోపలికి వేసి ఆగింది. కళ్లు చికిలించి, గొంతు సవరించుకుంది. “నాకు తెలిసేది మంట ఒక్కటే. కండ్లు మండుతాండాయి. గొంతులో గరగర. ఈ గదిలో ఉన్నోళ్లకు మల్లెపూలే తెలిసినాయి గాని, ఈ మంట తెలిసినట్టు లేదు.”

ఆమె గదిని చుట్టి చూసింది. రెండు కిటికీలు, రెంటికీ అద్దాలు మూసి ఉన్నాయి. అద్దాల అంచుల వెంట దుమ్ము రాకుండా రబ్బరు పట్టీలు కొట్టారు. తలుపు కింద కూడా అదే పట్టీ. మంచం పక్క బల్ల మీద గాజు గ్లాసుల్లో పోసిన పెద్ద సెంటు కొవ్వొత్తులు నాలుగు, సగానికి పైగా కరిగి ఉన్నాయి. వాటి పైన గోడ మీద తెల్ల రంగు బూడిద రంగుకు తిరిగింది. కృపమణి కాగితపు రుమాలుతో గోడను తుడిచి చూపించింది. రుమాలు నల్లబడింది.

“మసి” అంది. “పద్దెనిమిదేండ్లు దీన్ని చదివే బతికినా. వీటిని ఎవరు వెలిగిస్తాండ్రి స్తుతీ?”

“నేనే మేడమ్. మేడమ్ పడుకునేటప్పుడు తలుపు మూసి, ఏసీ వేసి, రెండు వెలిగించమని సార్ చెప్పినారు. కరెంటు లేనప్పుడు వెలిగించను. కిటికీలు తెరిస్తే గాలికి ఆరిపోతాయి. దినామూ సాయంత్రం సార్ వచ్చినాక తలుపు తెరిచి పెట్టి ఆయనే వెలిగిస్తారు.”

కృపమణి స్టూలు ఎక్కి ఏసీ మూత తెరిచి ఫిల్టరు జల్లెడ బయటికి లాగింది. రెండు నెలల కిందట బిగించిన ఏసీ. జల్లెడ మీద బొగ్గుపొడి చల్లినట్టు నల్లటి పొర పేరుకుంది.

అప్పుడే మంచం తలాపున గోడకు బిగించిన తెల్లటి పెట్టె ‘స్‌స్’మని చిన్న చప్పుడు చేసింది. సన్నటి తుంపర గాల్లోకి వచ్చి, సరిగ్గా దిండు మీదికి దిగింది. కృపమణి గడియారం చూసుకుంది. ఒంటిగంటా రెండు. మళ్లీ ఆ చప్పుడు వచ్చేదాకా అక్కడే నిలబడింది. ఒంటిగంటా పదకొండు.

“తొమ్మిది నిమిషాలకొకసారి. బ్యాటరీతో ఆడతాది, కరెంటుతో పనిలేదు.” పెట్టె తెరిచి లోపలి డబ్బా తీసింది. దాని మీద మల్లెపూల బొమ్మ, ‘ప్రకృతి సహజం’ అన్న అక్షరాలు ఉన్నాయి. లోపల ఏముందో లేదు. ఎవరు తయారు చేశారో లేదు. “ఇదెందుకు పెట్టినారు?”

స్తుతి గొంతు తగ్గించింది. “ఈ నెల మొదట్లో మేడమ్ ఒక దినం ఏడ్చినారు. కాలుకట్టు వాసన, మందుల వాసన, నా గది ఆసుపత్రి మాదిరి ఉండాదని. ఆ సాయంత్రమే సార్ ఇవన్నీ తెచ్చినారు. ఆసుపత్రి నుంచి వచ్చిన ప్రతిసారీ ఇంకో రెండు కొవ్వొత్తులు తెచ్చేవారు, మేడమ్‌కు బాగుంటాదని.”

క్రాంతి కుమార్ ఒక కొవ్వొత్తి గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

“ఏం మేడమ్, కొవ్వొత్తులు మనుషుల్ని చంపుతాయా? మా ఇంట్లో కూడా ఉండాయి. ఎవురికీ ఏమీ కాలేదు. స్టేషన్‌లో ఈ మాట చెప్తే నవ్వుతారు.”

“నవ్వేముందు ఒక పని చేద్దాం. ఇయ్యాల కరెంటు పోదు, గ్రూపులో మెసేజ్ రాలేదు. ఈ గది తలుపేసి, ఏసీ పెట్టి, రెండు కొవ్వొత్తులు వెలిగించి నువ్వూ నేనూ ఇరవై నిమిషాలు కూర్చుందాం. స్తుతి చేతి నీళ్లు కూడా తాగొద్దు. ఆమె బయటే ఉంటాది. మనలో ఎవరికైనా కష్టమైతే వెంటనే తెరుద్దాం. సరేనా?”

“ఇరవై ఎందుకు, గంట కూర్చుంటా.”

కృపమణి సంచిలోంచి అరచేతిలో పట్టే మీటరు తీసింది. కాలిపోయిన గోడౌన్లలో పెట్రోలు, థిన్నర్ లాంటి వాటి ఆవిరి మిగిలి ఉందేమో చూడటానికి వాడిన మీటరది. హాల్లో పెట్టినప్పుడు సున్నాకు కాస్త పైన ఆగింది. దాన్ని మంచం మీద, సెంటు డబ్బాను మళ్లీ గోడ పెట్టెలో పెట్టి తలుపు మూసింది. ఒంటిగంటా ఇరవై ఐదు.

మొదటి ఐదు నిమిషాలు క్రాంతి కుమార్ పోయిన ఏడాది కేసుల గురించి గొప్పలు చెప్పాడు. రెండో తుంపర పడ్డాక మాటలు తగ్గాయి. జేబురుమాలు తీసి కళ్లొత్తుకున్నాడు. మీటరులో అంకె పెరుగుతూ పోయింది. పన్నెండో నిమిషంలో అతనికి దగ్గు మొదలైంది. ఆపుకోబోయాడు. ఆగలేదు. ఛాతీ పట్టుకొని వంగిపోయేసరికి కృపమణి తలుపు తెరిచేసింది. స్తుతి పరుగున వచ్చి అతన్ని వరండాలోకి నడిపించి కుర్చీలో కూర్చోబెట్టింది. వీపు నిమిరింది. “ముక్కుతో పీల్చండి సార్. నిదానంగా. మళ్లీ.”

అయిదు నిమిషాలకు అతని దగ్గు తగ్గింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కృపమణి మీటరు చూపించింది. హాల్లో కంటే పాతిక రెట్లు ఎక్కువ.

“నీకు ఊపిరితిత్తుల జబ్బేమీ లేదు. పన్నెండు నిమిషాలకే ఇట్లయినావు. సుప్రజకు చిన్నప్పుడు ఆయాసం ఉన్నింది. మంచం దిగలేదు. అరగంట, ముక్కాలు గంట ఆ గాలే పీల్చినాది. ఏసీ బయటి గాలిని లోపలికి తేదప్పా, గదిలో ఉన్న గాలినే తిప్పుతాది. తెరిచిన హాల్లో ఎప్పుడో ఒక కొవ్వొత్తి వెలిగిస్తే చాలామందికి ఏమీ కాకపోవచ్చు. మూసిన గదిలో కొవ్వొత్తుల మసి, పేరులేని డబ్బాలో ఏముందో తెలియని మందు, అవి తగిలితే బిగుసుకుపోయే ఊపిరి గొట్టాలు. ఇవన్నీ ఒకచోట చేరినాయి. విషం ఎవరూ కలపలేదు.”

క్రాంతి కుమార్ జేబులోంచి ఫిర్యాదు కాగితం తీసి, మడతలు విప్పకుండానే కృపమణి చేతిలో పెట్టాడు. స్తుతి వైపు తిరిగాడు.

“నీ ఫోన్ మేడమ్ దగ్గర ఉండాది. తీసుకో చెల్లీ. ఆ మాత్రలు కూడా. మీ అమ్మకు పంపు.”

స్తుతి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఈసారి ఏడుపు వేరుగా ఉంది.

* * *

రెండూ ఐదుకు కృపమణి చైతన్యకు ఫోన్ చేసింది. అందుబాటులో లేదు. ఆసుపత్రికి చేసింది. ఒంటిగంటకే డిశ్చార్జ్ చేశారు, కారులో తీసుకెళ్లారు అన్నారు.

“యాడికి పోయినారో నీకు తెలుసా క్రాంతీ?”

“శ్రీశైలం. అరెస్టు అయ్యేదాకా రెండు దినాలు ఆడ సత్రంలో ఉంటామన్నాడు. మొక్కు కూడా ఉందంట.”

కృపమణి గబగబా హాలు మూలనున్న అట్టపెట్టె దగ్గరికి నడిచింది. గదిలో దొరికిన డబ్బా మీద ఉన్న మల్లెపూల బొమ్మే దీని మీదా ఉంది. లోపల కారు ఏసీకి తగిలించే చిన్న చిన్న సెంటు బుడ్లు. ఆరు ఉండాల్సిన అట్టలో ఐదే ఉన్నాయి.

“ఆరోది?”

“పొద్దున సార్ తీసుకపోయినారు” అంది స్తుతి. “కారులో మేడమ్‌కు బాగుంటాదని.”

అద్దాలు మూసిన కారు. ఏసీ గాలి నోటికే తగిలించిన సెంటు బుడ్డి. ఈ పొద్దున దాకా ఆక్సిజన్ మీద ఉన్న మనిషి. కృపమణి సుప్రజ నంబరుకు చేసింది. అందుబాటులో లేదు. మళ్లీ చేసింది. అదే మాట.

“ఆత్మకూరు దాటితే అడివి. సిగ్నల్ ఉండదు” అన్నాడు క్రాంతి కుమార్. “ఒకటీ పదికి బయలుదేరింటే ఈపాటికి దాటేసింటారు.”

“ఆ దారిలో ఎవరైనా ఉండారా నీకు?”

అతను అప్పటికే ఫోన్‌లో నంబరు వెతుకుతున్నాడు. “అడివి చెక్‌పోస్టు. గోపన్న అని వాచరుండాడు. ఆడ తీగ ఫోన్ ఉండాది. నేను కానిస్టేబులుగా ఉన్నప్పుడు…” అవతల ఎవరో ఎత్తారు. “గోపన్నా! నేను, క్రాంతిని. తెల్ల కారు, కర్నూలు బండి. ముందు సీట్లో ఒకాయమ్మ, కాలికి కట్టు ఉంటాది. వచ్చిందా? ఇంకా రాలేదా? గేటు దించన్నా. కారు రాగానే నాలుగు డోర్లు తెరిపించు. ఆయమ్మను బయట గాలిలో కూర్చోబెట్టు. ఏసీ దగ్గర ఒక సెంటు బుడ్డి తగిలించింటాది, అది పీకి దూరంగా పారెయ్. ఎందుకని అడగొద్దన్నా, తర్వాత చెప్తా.”

రెండూ ఇరవై. రెండూ ముప్పై. వరండాలో ముగ్గురూ ఒకే ఫోన్ చూస్తూ నిలబడ్డారు. స్తుతి పెదవులు ప్రార్థనలో కదులుతున్నాయి. క్రాంతి కుమార్ ఒకసారి స్కూటర్ తాళం చేతిలోకి తీసుకొని మళ్లీ జేబులో వేసుకున్నాడు. అరవై కిలోమీటర్లు దాటిన కారును ఏ స్కూటర్ అందుకుంటుంది?

రెండూ నలభై ఆరుకు ఫోన్ మోగింది. కృపమణి స్పీకర్ పెట్టింది.

“దొరికినాదప్పా నీ కారు” అన్నాడు గోపన్న. “ఆయమ్మ కండ్లు మూసుకొని వాలిపోయి ఉన్నింది. నిద్రపోతాందని అనుకుంటాండాడు ఆయన. కిందికి దించి కూర్చోబెట్టినాం. ఆయమ్మ బ్యాగులో ఊపిరి మందు ఉంటే పీల్పించినాం. ఇప్పుడు బాగా గాలి తీసుకుంటాంది. నీళ్లు అడిగినాది. ఆత్మకూరు నుంచి అంబులెన్స్ కూడా వస్తాంది.”

స్తుతి నేల మీద కూలబడి ఒక్కసారిగా నవ్వింది. క్రాంతి కుమార్ గోడకు ఆనుకొని కళ్లు మూసుకున్నాడు.

“ఆయనకియ్యి ఫోన్” అంది కృపమణి.

చైతన్యకు ఆమె అంతా చెప్పింది. కరెంటు పోని మూడు రోజులు, గోడ మీద మసి, మీటరు, మాత్రల చీటీ. తగ్గించి చెప్పలేదు, పెంచి కూడా చెప్పలేదు.

“నేనేనా మేడమ్?” అన్నాడు చైతన్య. “పడిపోయిన ప్రతిసారీ ఇంకా ఎక్కువ పెట్టినా. నేనేనా?”

“నువ్వు మంచికే పెట్టినావు. తెలియక పెట్టినావు. ఇంక పెట్టొద్దు. ఆమె బతికుండాది చైతన్యా. గాలి తగిలితే చాలు, తేరుకుంటాది. డాక్టరుకు ఈ సంగతంతా చెప్పు, సరైన మందు ఇస్తాడు. స్తుతికి నువ్వు చెప్పాల్సింది వేరే ఉండాది, అది వచ్చినాక చెప్పు.”

“చెప్తా. కాళ్లు పట్టుకొని చెప్తా.” అంతలోనే అతనికి ఇంకేదో గుర్తొచ్చింది. “మేడమ్, ఇప్పుడు టైమెంత?”

“మూడు కావస్తాంది. ఎందుకు?”

“ఈ సెంటు చల్లే మిషన్లు నా షాపులో అమ్మేటివే. నచ్చినోళ్లకు నేనే బిగించి ఇస్తాండా. ఇయ్యాల పొద్దున కల్లూరులోనే ఒక పిల్లల సంరక్షణ కేంద్రంలో నాలుగు బిగించినాం. ఉద్యోగాలకు పోయేవాళ్లు పిల్లల్ని వదిలిపెట్టి పోతారే, అది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు పిల్లల్ని ఏసీ గదిలో పడుకోబెడతారు. ఉచ్చల వాసన వస్తాందని ఆ గదిలోనే నాలుగూ పెట్టించినారు.”

“ఎంతమంది పిల్లలు?”

“ఇరవై ఆరు.”

ఫోన్‌లో సుప్రజ గొంతు సన్నగా వినబడింది. “అక్కా, నేను బాగుండా. మీరు ఆ పిల్లల దగ్గరికి పోండి. బిరీన పోండి.”

చైతన్య ఆ కేంద్రానికి దారి చెప్పాడు. అతనిచ్చిన నంబరు స్తుతి తన ఫోన్‌లో నొక్కుతూనే గేటు వైపు పరుగెత్తింది. క్రాంతి కుమార్ స్కూటర్ తీశాడు. కృపమణి తన బండి ఎక్కింది. స్తుతి ఆమె వెనక కూర్చుని ఫోన్ ఆమె చెవికి ఆనించింది. ఆరోసారి మోగాక ఎవరో ఎత్తారు.

“ఎవరమ్మా?” అంది కృపమణి.

“ఆయా గిడ్డమ్మను. పిల్లోళ్లు పడుకోనుండారు. రోంత మెల్లగా మాట్లాడండి.”

“గిడ్డమ్మా, ఆ గది కిటికీలు తెరువమ్మా. అన్నీ తెరువు. ఇప్పుడే.”

“ఈ రూముకు కిటికీలు లేవమ్మా.”

కృపమణి బండి వేగం పెంచింది. “అయితే తలుపు బార్లా తెరువు. ఒక్కొక్కర్నీ ఎత్తుకొని బయటికి తీసుకరా. అందరికంటే చిన్నోళ్లను ముందు. నిద్ర చెడిపోతాదని చూడొద్దు. మేం వస్తాండాం, నాలుగు నిమిషాలు.”

“ఏమైందమ్మా?”

“ఏమీ కాకముందే తీసుకరమ్మంటాండా.”

ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడు. తలుపు గోడకు కొట్టుకున్న శబ్దం. చెప్పులు లేని కాళ్ల పరుగు. తర్వాత కొన్ని క్షణాలు ఏమీ వినబడలేదు. స్తుతి చేతి వేళ్లు కృపమణి భుజాన్ని గట్టిగా పట్టుకున్నాయి.

అప్పుడు ఒక ఏడుపు వినబడింది. నిద్ర చెడిన కోపంతో, గొంతు నిండా గాలి పీల్చుకొని ఏడ్చిన ఏడుపు. దాని వెనకే ఇంకొకటి. ఆ తర్వాత మూడోది.

“ఏడుస్తాండారు మేడమ్” అంది స్తుతి, తనూ ఏడుస్తూ.

“ఏడవనీ” అంది కృపమణి, కల్లూరు మలుపులో బండి తిప్పుతూ. “లెక్కపెట్టు. ఇరవై ఆరు వినబడాల.”